చచ్చినా విడిపోని ముడి: శాశ్వత వివాహం, మార్మన్ స్త్రీలు, మనం

(నార్సింగిలో జరిగిన మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



‘మతం – కుటుంబం – స్త్రీల హక్కులు’ అన్న అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. అంత పెద్ద విషయాన్ని ఒక పూటలో చెప్పడం సాధ్యం కాదు. అందుకని ఒకే ఒక్క విశ్వాసాన్ని తీసుకుని, దాని చుట్టూ మన ఆలోచనను నడిపిద్దామనుకున్నాను. ఆ విశ్వాసం మనలో చాలామందికి కొత్తది. మార్మన్లు అని లోకం పిలిచే క్రైస్తవ శాఖ ఒకటి ఉంది. పెళ్లి మరణంతో ముగిసిపోదనీ, సరైన పద్ధతిలో జరిగితే భార్యాభర్తల బంధం, తల్లిదండ్రులు పిల్లల బంధం చనిపోయిన తర్వాత కూడా శాశ్వతంగా కొనసాగుతాయనీ వారు నమ్ముతారు.

ఎక్కడో అమెరికాలో పుట్టిన మతం సంగతి నార్సింగిలో ఎందుకు అని మీకు అనిపించవచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, ఈ శాఖ హైదరాబాదుకు వచ్చి నలభై ఏళ్లు దాటింది. భారతదేశంలో దాని తొలి పెద్ద ప్రాంతీయ విభాగం ఏర్పడింది మన హైదరాబాదులోనే. రెండోది ఇంకా ముఖ్యం. మన సలహా కేంద్రాలకు వచ్చే స్త్రీల నోట, వాళ్లు ఏ మతం వాళ్లయినా సరే, ఒక మాట తరచూ వింటూ ఉంటాం: “చచ్చినా బతికినా ఆ ఇంట్లోనే”. ఆడపిల్లను అప్పగించేటప్పుడు, మళ్లీ ఆ గడప దాటి శవంగానే బయటికి రావాలని చెప్పే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. మార్మన్లు ఆ మాటను మరొక అడుగు ముందుకు తీసుకెళ్లారు. శవంగా బయటికి వచ్చాక కూడా ఆమె భార్యే అన్నారు. ఇది స్త్రీకి ఓదార్పా, సంకెలా? ఇవాళ దీన్నే పరిశీలిద్దాం.

ముందే ఒక మాట. ఆ చర్చి అసలు పేరు ‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’. తమను మార్మన్లని పిలవవద్దని 2018 నుంచి వారు గట్టిగా కోరుతున్నారు. మనలో ఎక్కువ మందికి తెలిసిన పేరు అదే కాబట్టి, అగౌరవం లేకుండా ఆ పేరే వాడతాను.

విశ్వాసం ఏమిటి?

మామూలు క్రైస్తవ వివాహ ప్రమాణంలో మరణం మనల్ని వేరు చేసేవరకు అన్న అర్థం ఉంటుంది. సువార్తల్లో ఒక కథ ఉంది. ఏడుగురు అన్నదమ్ములను ఒకరి తర్వాత ఒకరుగా పెళ్లాడి, అందరినీ పోగొట్టుకున్న ఒక స్త్రీ పునరుత్థానంలో ఎవరి భార్య అవుతుందని సద్దూకయ్యులు యేసును అడుగుతారు. పునరుత్థానంలో పెళ్లిళ్లు ఉండవని ఆయన జవాబిస్తాడు. ఆ కాలపు ఆచారం ప్రకారం అన్న చనిపోతే అన్న పేరు నిలబెట్టడానికి తమ్ముడు వదినను పెళ్లాడాలి. ప్రశ్న అడిగిన పండితులకు ఆమె ఎవరి సొత్తు అన్నదే సమస్య. ఏడుసార్లు చేతులు మారిన ఆ స్త్రీని నీకెవరితో ఉండాలనుంది తల్లీ అని అడిగినవారు ఆ కథలో లేరు.

మార్మన్లు ఆ వాక్యానికి వేరే అర్థం చెబుతారు. ఈ శాఖను 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించాడు. భూమ్మీద కట్టినది పరలోకంలో కూడా కట్టబడి ఉండే అధికారం తమ యాజకులకు తిరిగి వచ్చిందని ఆయన బోధించాడు. దేవాలయం అని వారు పిలిచే ప్రత్యేక భవనంలో, ఆ అధికారం ఉన్న పురుషుడు జరిపించే కర్మతో భార్యాభర్తలు శాశ్వతంగా బంధింపబడతారు. ఆ బంధంలో పుట్టిన పిల్లలు పుట్టుకతోనే తల్లిదండ్రులకు కట్టుబడి ఉంటారు. ముందే పుట్టిన పిల్లలను మరొక కర్మతో కడతారు. చనిపోయిన వారి తరఫున బతికున్నవాళ్లు నిలబడి బాప్తిస్మం, వివాహ బంధనం చేయిస్తారు. వంశవృక్షాల సేకరణ మీద ఆ చర్చి అంత శ్రద్ధ పెట్టడానికి ఇదే కారణం. స్వర్గంలో అత్యున్నతమైన స్థాయిని అందుకోవాలంటే ఈ వివాహ బంధనం తప్పనిసరి. ఒంటరిగా ఆ స్థాయికి ఎవరూ చేరలేరు.

ఈ చివరి సంగతిని గుర్తుపెట్టుకోండి. పెళ్లి వ్యక్తిగత విషయంగానో, సామాజిక ఏర్పాటుగానో మిగలలేదు. అది మోక్షానికి అర్హత అయింది. అలాంటప్పుడు పెళ్లిలో నుంచి బయటికి రావాలనుకునే స్త్రీ ఒక మగవాణ్ని మాత్రమే వదులుకోవడం లేదు. స్వర్గంలో తన చోటును కూడా పణంగా పెడుతున్నానని ఆమెకు అనిపిస్తుంది.

మన దగ్గరికి వచ్చిన దారి

ఈ మతం మన వైపు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి 1850లలో. యూటా నుంచి బయలుదేరిన మార్మన్ బోధకులు 1853లో కలకత్తాకు చేరారు. అందులో కొందరు మద్రాసుకు కూడా వచ్చారు. అప్పుడు మన కోస్తా జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. వారిని భారతదేశానికి పంపాలని నిర్ణయించిన 1852 ఆగస్టు సమావేశంలోనే, తమలో పురుషులు పలువురు స్త్రీలను పెళ్లాడే పద్ధతి ఉన్నదని ఆ చర్చి మొదటిసారిగా బహిరంగంగా ప్రకటించింది. ఆ వార్త వారితో పాటే ఇక్కడికి చేరింది. ఇక్కడి తెల్లదొరలు, పాదరీలు వారిని దగ్గరికి రానివ్వకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. కొద్ది సంవత్సరాల్లోనే వారు వెనుదిరిగారు.

రెండోసారి వచ్చింది ఒక తెలుగు కుటుంబం ద్వారా. ఎడ్విన్ ధర్మరాజు సమోవా దీవుల్లో పనిచేస్తున్న కీటక శాస్త్రవేత్త. ఆయన, భార్య ఎల్సీ అక్కడే ఈ చర్చిలో చేరి, 1978 డిసెంబరులో బోధకులుగా హైదరాబాదు వచ్చారు. బాప్తిస్మం తీసుకున్న మొదటి 22 మంది వారి బంధువులే. ఆ కుటుంబానికే చెందిన బాప్టిస్టు బోధకులు రెవరెండ్ పి. శ్రీనివాసం మార్మన్ గ్రంథాన్ని తెలుగు చేసే పని చేపట్టారు. ఎంపిక చేసిన భాగాలు 1982లో తెలుగులో వెలువడ్డాయి. సమాజశాస్త్ర విద్యార్థిగా నన్ను ఆకర్షించిన విషయం ఇది: కుటుంబం శాశ్వతం అని చెప్పే మతం మన నగరంలో వీధిలో ప్రసంగంతోనో, ఆసుపత్రితోనో, బడితోనో మొదలు కాలేదు. చుట్టరికం పట్టుకుని వచ్చింది.

2012 మే 27న హైదరాబాదులో వారి ‘స్టేక్’ ఏర్పడింది. అనేక స్థానిక సంఘాలను కలిపి చూసే ప్రాంతీయ విభాగాన్ని వారు స్టేక్ అంటారు. భారతదేశంలో అదే మొదటిది. దాన్ని ఏర్పాటు చేయడానికి అమెరికా నుంచి వచ్చిన నాయకుడు డాలిన్ ఓక్స్. 2025 అక్టోబరులో ఆయన ఆ చర్చి అధ్యక్షుడయ్యాడు. ఆయన ప్రసక్తి మళ్లీ వస్తుంది.

శాశ్వత వివాహం మాత్రం హైదరాబాదులో జరిగేది కాదు. మామూలు ప్రార్థనా మందిరం వేరు, దేవాలయం వేరు. ఎన్నో ఏళ్లపాటు మన తెలుగు దంపతులు ఆ కర్మ కోసం హాంకాంగ్ వంటి విదేశీ నగరాలకు వెళ్లవలసి వచ్చింది. పాస్‌పోర్టులు, వీసాలు, విమానం టికెట్లు, పిల్లల ఖర్చు. బెంగళూరులో దేవాలయం కడతామని 2018 ఏప్రిల్‌లో ప్రకటించారు. 2020 డిసెంబరు 2న పనులు ప్రారంభించారు. దేవాలయంలోకి వెళ్లడానికి స్థానిక పెద్దలు అర్హతా పత్రం ఇవ్వాలి. సంపాదనలో పదో వంతు చర్చికి ఇవ్వడం ఆ అర్హతల్లో ఒకటి. అర్హతా పత్రం లేని తల్లి తన సొంత కూతురి బంధన కర్మను చూడటానికి లోపలికి వెళ్లలేదు.

ఓదార్పును తక్కువ చేయవద్దు

మనలో కొందరికి ఇదంతా వింతగా తోచవచ్చు. నవ్వు కూడా రావచ్చు. అలా చూడటం తప్పని నా అభిప్రాయం. పురిట్లో బిడ్డను పోగొట్టుకున్న తల్లికి, ఆ బిడ్డ నీదే, మళ్లీ నీ ఒడిలోకి వస్తుంది అని చెప్పే మాట చిన్నది కాదు. మన పల్లెల్లో పసిబిడ్డ పోతే పెద్దగా కర్మకాండ కూడా ఉండదు. ఏడవనివ్వరు, పేరు తలవనివ్వరు. ఆ దుఃఖానికి చోటు ఇచ్చిన మతం ఆ తల్లికి ఎందుకు నచ్చదు?

పూర్వీకుల సంగతి కూడా ఆలోచించండి. మన ప్రాంతంలో క్రైస్తవం ఎక్కువగా మాల, మాదిగ వాడల్లో పెరిగింది. ఒంగోలు ప్రాంతంలో 1878 జూలై 3న ఒకే రోజు 2,222 మందికి అమెరికన్ బాప్టిస్టులు బాప్తిస్మం ఇచ్చారు. ఆ తరం మనుషుల్ని వేధించిన ప్రశ్న ఒకటుంది: “మేం రక్షణ పొందాం సరే, యేసు పేరు వినకుండా పోయిన మా అమ్మా నాన్నల గతేమిటి?” పాదరీల దగ్గర దానికి తృప్తికరమైన సమాధానం లేదు. మార్మన్ల దగ్గర ఉంది. నువ్వు వారి తరఫున నిలబడవచ్చు అని వారు చెబుతారు.

ఇంకో తేడా కూడా ఉంది. మన తద్దినాల్లో పిండం పెట్టేది కొడుకు. తలచేది ప్రధానంగా తండ్రి వైపు మూడు తరాలను. ఆడవాళ్లు అందులో ఎవరి భార్యగానో, తల్లిగానో మాత్రమే ఉంటారు. మార్మన్ల వంశవృక్షంలో తల్లి వైపు కూడా పైకి వెతుకుతారు. చనిపోయిన స్త్రీ తరఫున నిలబడేది స్త్రీయే. తన అమ్మమ్మ తల్లి పేరేమిటో కూడా తెలియని మనకు, ఆ పేరు వెతికి రాసుకోవడమే ధర్మం అని చెప్పే మతం కొంత గౌరవం ఇచ్చినట్టే లెక్క. దీన్ని గుర్తించిన తర్వాతే విమర్శ చేయాలి. లేకపోతే ఆ స్త్రీలు మన మాట వినరు, వినవలసిన అవసరం కూడా లేదు.

ముడి ఒకటే, నియమాలు రెండు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బంధం శాశ్వతం అన్నప్పుడు అది ఇద్దరికీ ఒకేలా శాశ్వతం కావాలి కదా. అలా లేదు.

భార్య చనిపోయిన పురుషుడు మరో స్త్రీని దేవాలయంలో పెళ్లాడవచ్చు. మొదటి బంధం అలాగే ఉంటుంది, రెండోదీ శాశ్వతమే. భర్త చనిపోయిన స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు గాని, బతికుండగా ఆమె ఒక్క పురుషుడికి మాత్రమే శాశ్వతంగా కట్టుబడి ఉండగలదు. రెండో భర్తతో శాశ్వత బంధం కావాలంటే మొదటి బంధాన్ని రద్దు చేయించుకోవాలి. ఆ రద్దును ఆమోదించవలసింది అమెరికాలో ఉండే ప్రథమ అధ్యక్షత్వము, అంటే ఆ చర్చి అత్యున్నత పీఠంలోని ముగ్గురు పురుషులు. విడాకులు తీసుకున్న స్త్రీకీ ఇదే నియమం. కోర్టు డిక్రీ ఇచ్చినా పరలోకపు ముడి దానంతటది ఊడదు. విడాకులు పొందిన పురుషుడు కూడా మళ్లీ దేవాలయ వివాహానికి అనుమతి తీసుకోవాలి, నిజమే. కాని అతను పాత ముడిని విప్పుకోనక్కరలేదు. స్త్రీకి ఒక సడలింపు ఉంది. ఆమె చనిపోయాక, ఆమె భర్తలూ చనిపోయాక, ఆమెను వారందరికీ బంధించవచ్చు. బతికుండగా లేని సమానత్వం చచ్చాక దొరుకుతుందన్నమాట.

పిల్లల విషయం ఇంకా గమనించదగ్గది. మొదటి భర్తకు బంధింపబడిన స్త్రీ, అతను పోయాక మరొకరిని పెళ్లాడి పిల్లల్ని కంటే, ఆ పిల్లలు మొదటి బంధంలో పుట్టినవారుగానే లెక్కకు వస్తారు. ఇది చదివినప్పుడు నాకు మన ధర్మశాస్త్రాల్లోని క్షేత్రజ పుత్రుడు గుర్తుకొచ్చాడు. విత్తనం ఎవరిదైనా పంట పొలం యజమానిది అన్న తర్కం అది. వేల మైళ్ల దూరంలో, వేరే మతంలో, అదే తర్కం వేరే మాటల్లో కనిపించడం కాకతాళీయం కాదు. పితృస్వామ్యానికి భాషలు చాలా ఉన్నాయి. వ్యాకరణం మాత్రం ఒకటే.

ఈ అసమానత ఎక్కడి నుంచి వచ్చింది? ‘సిద్ధాంతము మరియు నిబంధనలు’ అనే వారి గ్రంథంలోని 132వ ప్రకరణం నుంచి. 1843లో జోసెఫ్ స్మిత్ దాన్ని దైవ ప్రకటనగా రాయించాడు. శాశ్వత వివాహం, బహుభార్యాత్వం రెండూ ఆ ఒక్క ప్రకరణంలోనే కలిసి ఉన్నాయి. అందులో స్త్రీలు పురుషుడికి ‘ఇవ్వబడతారు’. మన కన్యాదానంలో లాగే. స్మిత్ భార్య ఎమ్మా పేరు పెట్టి మరీ, దీన్ని అంగీకరించకపోతే నాశనమవుతావని అందులో హెచ్చరిక ఉంది. ఆ ఎమ్మాయే 1842లో ఏర్పడిన ఆ చర్చి మహిళా సంఘం రిలీఫ్ సొసైటీకి తొలి అధ్యక్షురాలు. స్మిత్ ముప్పై నుంచి నలభై మంది స్త్రీలను ఇలా పెళ్లాడి ఉండవచ్చని చర్చి 2014లో తానే ఒప్పుకుంది. 1890లో బహుభార్యాత్వాన్ని మానుకుంటున్నట్టు ప్రకటించింది. ఇప్పుడు ఎవరైనా అలా చేస్తే వెలివేస్తుంది. అయితే 132వ ప్రకరణం గ్రంథంలో అలాగే ఉంది. భూమ్మీద నిషిద్ధమైనది పరలోకపు లెక్కల్లో మిగిలిపోయింది.

డాలిన్ ఓక్స్ ప్రసక్తి ఇక్కడ వస్తుంది. ఆయన మొదటి భార్య 1998లో చనిపోయారు. 2000లో మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఇద్దరితోనూ ఆయన బంధం శాశ్వతమే. 2019 అక్టోబరు మహాసభలో ఆయన ఒక స్త్రీ రాసిన ఉత్తరం గురించి చెప్పారు. భార్య పోయిన ఒకతన్ని పెళ్లి చేసుకోబోతున్న ఆ స్త్రీ, పరలోకంలో నాకు వేరే ఇల్లు ఉంటుందా, లేక ఆయనతోనూ ఆయన మొదటి భార్యతోనూ ఒకే ఇంట్లో ఉండాలా అని అడిగింది. సభలో నవ్వులు వినిపించాయి. ప్రభువును నమ్ముకోమని ఆమెకు చెప్పానన్నారు ఆయన. ఆ నవ్వు చాలామంది మార్మన్ స్త్రీలను బాధించింది. మనకైతే ఆ ప్రశ్న అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కరలేదు. సవతి అన్న ఒక్క మాట చాలు. వేరు కాపురం కావాలా, ఉమ్మడి కాపురమా అని అడిగే హక్కు కూడా లేని పెళ్లి ఎలాంటిదో మనకు తెలుసు.

ఆ స్త్రీలు నోరు మూసుకుని లేరు

మార్మన్ స్త్రీలంటే అణిగిమణిగి ఉండేవారని అనుకోవడం చరిత్ర తెలియకపోవడమే. యూటాలో స్త్రీలకు 1870లోనే ఓటుహక్కు వచ్చింది. బహుభార్యాత్వాన్ని అణచడానికి అమెరికా కాంగ్రెసు 1887లో చేసిన చట్టం ఆ ఓటును లాక్కుంది. 1896లో యూటా రాష్ట్రమైనప్పుడు తిరిగి సాధించుకున్నారు. అదే సంవత్సరం మార్తా హ్యూస్ కానన్ అనే వైద్యురాలు రాష్ట్ర సెనేటుకు ఎన్నికైంది. అమెరికాలో ఆ పదవికి ఎన్నికైన తొలి స్త్రీ ఆమె. ఆమె ఒక పురుషుడి నాలుగో భార్య. అదే ఎన్నికల్లో పోటీ చేసిన భర్త కంటే ఆమెకే ఎక్కువ ఓట్లు వచ్చాయి. స్త్రీల జీవితాలు మన సూత్రాల్లో ఒదగవని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

ఇరవయ్యో శతాబ్దంలో కథ మరోలా నడిచింది. స్త్రీ పురుష సమాన హక్కుల రాజ్యాంగ సవరణను చర్చి వ్యతిరేకించింది. దాన్ని సమర్థించి ఉద్యమించిన సోనియా జాన్సన్‌ను 1979 డిసెంబరులో వెలివేసింది. 1993 సెప్టెంబరులో క్రమశిక్షణ చర్యలకు గురైన ఆరుగురిలో స్త్రీవాద రచయిత్రులు, పరిశోధకులు ఉన్నారు. స్త్రీలకు యాజకత్వం కావాలన్న కేట్ కెల్లీని 2014లో వెలివేశారు. 1995 సెప్టెంబరు 4 నుంచి 15 వరకు బీజింగ్‌లో ప్రపంచ మహిళా మహాసభ జరిగిందని మీకు తెలుసు. మన తెలుగు కార్యకర్తలు ఎంత ఉత్సాహంగా దాని గురించి చర్చించుకున్నారో కూడా మీలో పెద్దవారికి గుర్తుంటుంది. అది ముగిసిన వారం రోజులకే, సెప్టెంబరు 23న, చర్చి అధ్యక్షుడు తమ మహిళల సభలో ‘కుటుంబం’ మీద ఒక ప్రకటన చదివాడు. తండ్రి కుటుంబానికి అధ్యక్షత వహించాలి, పోషించాలి, పిల్లల పెంపకం ప్రధానంగా తల్లి బాధ్యత అన్నది దాని సారాంశం. ఇద్దరూ సమాన భాగస్వాములని కూడా అదే ప్రకటనలో ఉంది. అధ్యక్షుడు ఒకడు, భాగస్వామ్యం సమానం! ఈ రెండూ ఒకే వాక్యంలో ఎలా పొసగుతాయని ఆ స్త్రీలే అడుగుతూ వచ్చారు.

వారు అడగడం వల్ల కొన్ని మారాయి కూడా. 2019 జనవరిలో దేవాలయ కర్మల్లో మార్పులు చేశారు. ఏం మార్చారో చర్చి వివరించలేదు గాని, భర్త మాటకు లోబడతానన్న అర్థం వచ్చే ప్రమాణం తొలగిపోయిందని పాల్గొన్న స్త్రీలు చెప్పారు. అదే ఏడాది అక్టోబరులో బాప్తిస్మాలకు, బంధన కర్మలకు స్త్రీలు సాక్షులుగా ఉండవచ్చని అనుమతించారు. 2016లో కారల్ లిన్ పియర్సన్ అనే రచయిత్రి వేలమంది మార్మన్ల అభిప్రాయాలు సేకరించి, పరలోకపు బహుభార్యాత్వ భయం స్త్రీల మనసుల్ని ఎలా తినేస్తోందో పుస్తకం రాసింది. ఆమె చర్చి వదిలి వెళ్లలేదు. లోపల ఉండే ప్రశ్నించింది.

మన ఇంటి సంగతి

ఇప్పటిదాకా విన్నది వాళ్ల సంగతి అని మనం ఊపిరి పీల్చుకుంటే ఈ ప్రసంగం వృథా. ఏడేడు జన్మల బంధం అన్న మాట మనది. భర్తతో చితి ఎక్కిన స్త్రీని ‘పేరంటాలు’గా కొలిచి గుడి కట్టిన సంస్కృతి మనది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ పేరంటాలు తిరునాళ్లకు ఇవాళ్టికీ జనం పోటెత్తుతారు. 1829లో చట్టం సతిని నిషేధించినా, 1987లో రాజస్థాన్‌లోని దేవరాలాలో రూప్ కన్వర్ చితి మీద కాలిపోయింది. ముత్తైదువగా పోవాలని కోరుకోవడం మన ఇళ్లలో ఇప్పటికీ దీవెనే. దాని అర్థం భర్త కంటే ముందు చావమని.

మరో ఆచారం చూడండి. మొదటి భార్య పోయిన మగవాడు మళ్లీ పెళ్లి చేసుకుంటే, కొన్ని కులాల్లో రెండో భార్య మెడలో మొదటి ఆమె గుర్తుగా చిన్న బిళ్ల వేసుకునేది. చచ్చిన సవతికి పసుపు కుంకుమ పెట్టి తృప్తి పరచాలి. రెండో పెళ్లి చేసుకున్న స్త్రీ కొత్త భర్త మెడలో మొదటి భర్త గుర్తు వేలాడదీసే ఆచారం ఎక్కడా లేదు. ఓక్స్ గారికి ఉత్తరం రాసిన అమెరికా స్త్రీకి వచ్చిన సందేహాన్ని, మన అమ్మమ్మలు మెడలో వేసుకుని తిరిగారు.

అయితే ఈ శాశ్వతత్వం తెలుగువాళ్లందరిదీ కాదు. ఇది ప్రధానంగా అగ్రవర్ణాల ఆదర్శం. శ్రమ చేసి బతికే అనేక కులాల్లో మారుమనువు ఉండేది. భర్త పోయినా, పొసగకపోయినా, కులపెద్దల ముందు తెంచుకుని మరొకరితో కాపురం పెట్టే వీలు ఉండేది. అందులో కూడా అసమానతలు లేకపోలేదు. మారుమనువు స్త్రీకి తొలి మనువు గౌరవం ఇచ్చేవారు కాదు. కాని ముడి విప్పుకునే దారి ఒకటి ఉండేది. వీరేశలింగం పంతులు గారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు బ్రాహ్మణ సమాజం అల్లకల్లోలమైంది. ఆ ఊళ్లోని ఎన్నో పేటల్లో అది వింతే కాదు.

దళిత కుటుంబాలు క్రైస్తవం తీసుకున్నప్పుడు చదువు, ఆత్మగౌరవం వచ్చాయి. దానితో పాటు పాదరీల వివాహ నీతి, 1869 నాటి విడాకుల చట్టం వచ్చాయి. ఆ చట్టం ప్రకారం భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే భర్తకు విడాకులు దొరికేవి. భార్యకు మాత్రం భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, విడిచిపెట్టడమో కూడా రుజువు చేస్తేగాని దొరికేవి కావు. ఈ తేడా పోవడానికి 2001 దాకా ఆగవలసి వచ్చింది. అంటే మన క్రైస్తవ సోదరి ఒకరు ఈ కొత్త చర్చిలో చేరినప్పుడు, ఆమె కుటుంబ చరిత్రలో మూడు రకాల ముళ్లు పేరుకుని ఉంటాయి: కులం ముడి, పాదరీ ముడి, పరలోకపు ముడి. మొదటిది విప్పడం తేలిక, చివరిది విప్పడం అన్నిటికంటే కష్టం.

ప్రభుత్వం మాత్రం తక్కువ తిన్నదా? వితంతు పింఛనుకు దరఖాస్తు నింపేటప్పుడు ‘లేటు ఫలానా వారి భార్య’ అని మనమే రాయిస్తాం. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పింఛను ఆగిపోతుంది. చచ్చిన మగవాడి భార్యగా ఉన్నంత కాలమే ఆమెకు హక్కు. ఇది కూడా ఒక రకం శాశ్వత వివాహమే.

కార్యకర్తలుగా మనం ఏం చేయాలి?

ఇక్కడి నార్సింగి, కోకాపేట, గండిపేట చుట్టుపక్కల అన్ని జిల్లాల నుంచి వచ్చినవాళ్లున్నారు. ఎత్తైన భవనాల్లో ఉండేవాళ్లు, వాటిని కట్టేవాళ్లు, వాటిల్లో వంట చేసి అంట్లు తోమేవాళ్లు. ఎవరి దేవుడు వాళ్లకున్నాడు. మన దగ్గరికి వచ్చే స్త్రీ ఏ విశ్వాసంతో వస్తుందో ముందుగా తెలియదు. కాబట్టి కొన్ని సూచనలు.

మొదటిది, ఆమె విశ్వాసాన్ని ఎగతాళి చేయవద్దు. పోయిన బిడ్డను మళ్లీ చూస్తానన్న ఆశను కొట్టిపారేయడం మన పని కాదు.

రెండోది, మూడు విషయాలను విడదీసి చెప్పండి. చట్ట ప్రకారం పెళ్లి వేరు, చర్చి పుస్తకంలో నమోదు వేరు, మనసులోని నమ్మకం వేరు. విదేశంలోని దేవాలయంలో జరిగిన బంధన కర్మ మాత్రమే మన చట్టం దృష్టిలో పెళ్లి కాదు. చట్టబద్ధంగా జరిగిన వివాహం, దాని నమోదు కావాలి. 2002 నాటి వివాహాల నిర్బంధ నమోదు చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. భరణం, ఆస్తి, పిల్లల సంరక్షణ వంటి విషయాల్లో పెళ్లిని రుజువు చేయడానికి ఆ కాగితం ఎంతో ఉపయోగపడుతుంది.

మూడోది, హింసకు గురవుతున్న స్త్రీ విడిపోతే పిల్లలు పరలోకంలో నాకు కాకుండా పోతారని భయపడితే, ఆమెకు ఆమె చర్చి నియమాలే చెప్పండి. భార్యాభర్తల బంధం రద్దయినా పిల్లల బంధన స్థితి మారదని ఆ నియమాల్లోనే ఉంది. ఇష్టం లేని వారితో ఎవరినీ శాశ్వతంగా కట్టి ఉంచరని ఆ చర్చి పెద్దలే చెబుతున్నారు. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ కోరడానికి ఏ మతపెద్ద అనుమతీ అక్కరలేదు. ఈ రెండూ కలిపి చెబితే ఆమె భయం సగం తగ్గుతుంది.

నాలుగోది, ఏ మతంలోనైనా, ఏ కులపంచాయతీలోనైనా, ఏ చట్టంలోనైనా మనం ఒకే ప్రశ్న అడగాలి. ఈ బంధం ఎంత పవిత్రం అన్నది వాళ్లు తేల్చుకుంటారు. దీన్ని కట్టేటప్పుడు ఆమెను అడిగారా? విప్పాలంటే ఎవరి సంతకం కావాలి? ఆ సంతకం పెట్టే చోట స్త్రీ ఉన్నదా? అతనికి ఉన్న వీలు ఆమెకు ఉన్నదా? ఇవి అడగడానికి నాస్తికులం కానక్కరలేదు, మతం మారనక్కరలేదు.

ప్రేమించిన మనిషితో మరణం తర్వాత కూడా కలిసి ఉండాలని కోరుకోవడంలో నాకు తప్పేమీ కనిపించదు. అది మనిషి కోరికల్లో అతి సహజమైనది. కాని కోరుకోవడం వేరు, కట్టేయడం వేరు. విడిపోయే హక్కు ఉన్నప్పుడే కలిసి ఉండటానికి విలువ. మన సలహా కేంద్రానికి రేపు వచ్చే స్త్రీ “చచ్చినా బతికినా ఆ ఇంట్లోనే” అంటే, వెంటనే వాదనకు దిగకండి. “అది నీ కోరికా, నీకు చెప్పిన మాటా?” అని మెల్లగా అడగండి. ఆమె జవాబు చెప్పేదాకా ఓపికగా కూర్చోండి.

 ఇక మీ ప్రశ్నలు వినాలని ఉంది.